ఏరు దాటినంక బోడి మల్లన్న

2009 ఏప్రిల్ 16న మన తెలంగాణలో ఓట్లు పడ్డాయి. సంగారెడ్డి, పటాన్‌చెరు, అందోలు, జహీరాబాద్ అంతటా జనం ఎండకు నిలబడి ఓటేశారు. ఓటింగ్ మిషన్లకు సీలు పడింది. వేలి మీద సిరా ఇంకా ఆరనేలేదు, నంద్యాల నుంచి కబురు వచ్చింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి అక్కడి సభలో తెలంగాణ వస్తే మీరు హైదరాబాద్ పోవడానికి వీసా కావాలి, పాస్‌పోర్టు కావాలి అన్న అర్థంలో మాట్లాడారు. రెండో విడత పోలింగ్ ఏప్రిల్ 23న. ఆ విడతలో ఓటేయాల్సింది కోస్తా, రాయలసీమ.

ఏరు దాటేదాక ఓడ మల్లన్న, ఏరు దాటినంక బోడి మల్లన్న అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఆ మాట విన్న రోజున మన కడుపు ఎంత మండిందో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. అంతకు రెండు నెలల ముందే, ఫిబ్రవరి 12న, ఇదే ముఖ్యమంత్రి అసెంబ్లీలో నిలబడి తెలంగాణ ఏర్పాటుకు తమ ప్రభుత్వానికి సూత్రప్రాయంగా అభ్యంతరం లేదన్నారు. రోశయ్య అధ్యక్షతన కమిటీ అన్నారు. ఆ మాట నమ్మి ఓటేసినవాళ్ళు మన ఊళ్ళల్లోనే ఉన్నారు. ఆ ఎన్నికల్లో సంగారెడ్డి, పటాన్‌చెరు రెండు అసెంబ్లీ సీట్లూ కాంగ్రెస్‌కే పోయాయి. మెదక్ పార్లమెంటు సీటులో మాత్రం టీఆర్ఎస్ అభ్యర్థి విజయశాంతి ఆరు వేల పైచిలుకు ఓట్లతో బయటపడ్డారు. ఓటు ఒకచోట, మాట ఇంకోచోట. ఇది మోసం అని అప్పుడే అన్నాం, ఇప్పుడూ అంటాం.

అయితే ఇన్నేండ్ల తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తుకున్నది ఆయన్ను తిట్టడానికి కాదు. ఆయన 2009 సెప్టెంబర్ 2న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. పోయిన మనిషి మీద పగ మన సంస్కృతి కాదు. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. ఎత్తుకున్నది మన గురించి. ఆ నంద్యాల మాట తర్వాత మనలో కొందరం ఏం మాట్లాడామో యాది చేసుకోవడానికి.

మనం వేసిన తప్పు ప్రశ్న

ఆ రోజుల్లో సంగారెడ్డి బస్టాండు హోటళ్ళల్లో, భెల్ గేటు ముందు చాయ్ బండ్ల దగ్గర రెండు రకాల మాటలు నడిచాయి. ఒకటి: "వాళ్ళ జాతే అంత. ఆంధ్రోన్ని నమ్మితే ఇంతే." రెండోది కొంచెం గొంతు తగ్గించి: "ఆయన చర్చి మనిషి. వెనక ఉన్నది చర్చి." మొదటి మాట మీటింగుల్లో కూడా వినిపించింది. రెండోది ఎక్కువగా చెవుల్లో గొణిగిన మాట. ఆయన పేరుకు మతం తగిలించి వెటకారం చేసినవాళ్ళు ఉన్నారు. అవి విని నవ్వినవాళ్ళల్లో మేమూ ఉన్నాం. ఒప్పుకోవాలి.

అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉండె. ఫిబ్రవరిలో ఒక మాట, ఏప్రిల్‌లో ఇంకో మాట ఎందుకు? ఎవరి కోసం? ఎవరి ఓటు లెక్క మీద? ఈ ప్రశ్నకు జవాబు ఆయన పుట్టిన జాగాలో లేదు, ఆయన పోయే గుడిలోనో చర్చిలోనో లేదు. పోలింగ్ తేదీల్లో ఉంది. తెలంగాణ ఓటు మిషన్‌లో భద్రంగా పడ్డది, ఇక కోపం వచ్చినా చేసేది లేదు. లెక్కింపు మే 16న. మిగిలిన ఓటు సీమది, కోస్తాది. అక్కడ ఇంటికొక పిల్లవాడు హైదరాబాద్‌లో చదువుతుండో, నౌకరీ చేస్తుండో ఉన్న కాలం. ఆ తల్లిదండ్రుల గుండెల్లో భయం పెడితే ఓటు వస్తుంది. ఇంతే లెక్క. ఇందులో బైబిలూ లేదు, భగవద్గీతా లేదు. ఏ మతస్థుడైనా, ఏ జిల్లావాడైనా చేయగలిగిన లెక్క ఇది. 294 సీట్లలో 156 తెచ్చుకుని ఆయన మళ్ళీ గద్దెనెక్కారు.

చర్చి లెక్క తేలుతుందా?

చర్చి సంగతి కూడా దాచుకోకుండా చూద్దాం. రాజశేఖరరెడ్డి కుటుంబం క్రైస్తవ కుటుంబం. ఆయన దాన్ని ఎన్నడూ దాచుకోలేదు. జెరూసలేం యాత్రకు క్రైస్తవులకు ప్రభుత్వ సాయం ఆయన హయాంలోనే మొదలైంది. దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల్లో చేర్చాలని కేంద్రాన్ని కోరుతూ 2009 ఆగస్టులో, ఆయన చనిపోవడానికి కొద్ది రోజుల ముందే, అసెంబ్లీలో తీర్మానం చేయించారు. చర్చి మనిషి అనేవాళ్ళు ఇవే చూపించేవారు.

కానీ అదే ప్రభుత్వం 2007లో తిరుమల వంటి పుణ్యక్షేత్రాల్లో అన్య మత ప్రచారం చేయకూడదని ఆర్డినెన్సు తెచ్చింది. ముఖ్యమంత్రి హోదాలో ఆయన తిరుమల వెళ్ళారు, పట్టువస్త్రాలు ఇచ్చారు. 2004 ఎన్నికల్లో ఆయనను ముఖ్యమంత్రిని చేసింది చర్చి కాదు. 2003 ఏప్రిల్‌లో మన చేవెళ్ళ నుంచి మొదలుపెట్టిన పాదయాత్ర చేసింది, రైతుకు ఉచిత కరెంటు మాట చేసింది, టీఆర్ఎస్‌తో పొత్తు చేసింది. అంటే తెలంగాణ మాట కూడా చేసింది. 2000 సంవత్సరంలో తెలంగాణ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు నలభై ఒక్క మంది సోనియాగాంధీకి రాష్ట్రం కావాలని లేఖ ఇచ్చినప్పుడు రాష్ట్రంలో కాంగ్రెస్ నడక నడిపిస్తున్నది ఆయనే. గద్దె కావాల్సినప్పుడు తెలంగాణ పనికొచ్చింది, గద్దె నిలుపుకోవాల్సినప్పుడు తెలంగాణ అడ్డమైంది. చర్చిని తీసేసి చూసినా ఈ కథ అక్షరం మారదు. మారనప్పుడు చర్చి దానికి కారణం ఎట్లయితది?

కారణం కానిదాన్ని కారణం అని చూపిస్తే రెండు నష్టాలు. ఒకటి, అసలు దొంగ తప్పించుకుంటాడు. రెండు, సంబంధం లేనివాడికి దెబ్బ తగులుతుంది. ఆ రెండో నష్టం మన మెదక్ గడ్డ మీద ఎవరికి తగిలిందో చెప్పాలి.

దెబ్బ ఎవరికి?

మెదక్ చర్చిని చూడని తెలంగాణ బిడ్డ తక్కువ. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ కట్టించిన గుడి అది. 1924 డిసెంబర్ 25న తలుపులు తెరుచుకుంది. దాని కట్టడం కథ మన అవ్వలు, తాతలు చెప్పేవారు. కరువు కాలంలో కూలి దొరకక, తిండి దొరకక అల్లాడిన జనానికి ఆ కట్టుబడి పని దొరికింది, గింజలు దొరికాయి. ఆ రాళ్ళు మోసింది లండన్ వాళ్ళు కాదు. మన మాదిగలు, మాలలు, మన ఊళ్ళ కూలీలు. క్రిస్మస్ నాడు అక్కడికి పోయే జనంలో బొట్టు పెట్టుకున్న తల్లులు ఎందరో. శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోయిన ఇంట్లోంచే డిసెంబర్‌లో మెదక్ చర్చికి కూడా పోతారు. ఇది మన జిల్లా.

ఇప్పుడు ఒక తేడా చూడండి. రెడ్డి కులంలో పుట్టినాయన క్రైస్తవుడైతే రెడ్డి పేరు పోదు, భూమి పోదు, పలుకుబడి పోదు, ముఖ్యమంత్రి కుర్చీకి అడ్డమూ రాదు. అదే సదాశివపేట పక్కనున్న పల్లెలో మాదిగ ఇంట పుట్టినవాడు బాప్తిస్మం తీసుకుంటే కాగితం మీద కులమే మారిపోతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు లేదు. మతం మారిన దళితుడు మన దగ్గర బీసీ-సి. ఆ గ్రూపుకు ఒక శాతం రిజర్వేషన్. ఊరవతల వాడ మారదు, వాడను చూసే చూపు మారదు, సర్టిఫికెట్ మాత్రం మారుతుంది. ఈ విషయం తేల్చడానికి కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేయాల్సి వచ్చిందంటే చిక్కుముడి ఎంత గట్టిదో అర్థం చేసుకోవచ్చు.

ఉద్యోగులకు, విద్యార్థులకు ఇది చెప్పనక్కర్లేదు. ఆదివారం ప్రార్థనకు పోయే పిల్లవాడు సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో కుల సర్టిఫికెట్ కోసం నిలబడితే గుండె ఎట్లా కొట్టుకుంటుందో ఆ లైన్లో నిలబడ్డవాడికే ఎరుక. అలాంటి చోట ఎన్నికల పేరు మీద "చర్చోళ్ళు, చర్చోళ్ళు" అన్న గొణుగుడు మొదలైతే అది పులివెందుల దాకా పోదు. ఆ లైన్లో నిలబడ్డ పిల్లవాడి దగ్గరే ఆగుతుంది. పెద్దాయనకు తగలాలని విసిరిన రాయి మన వాడకట్టు పిల్లవాడి నెత్తి పగలగొడుతుంది.

మన ఉద్యమానికి డప్పు ఎవరు కొట్టారు? ధూంధాంలో గజ్జె ఎవరు కట్టారు? ఆ డప్పు కొట్టిన చేతుల్లో ఎన్ని చేతులు ఆదివారం ప్రార్థనకు జోడించిన చేతులో మనకు తెలవదా? వాళ్ళ ఎదుటే చర్చి గురించి వెటకారం చేసి, మరునాడు వాళ్ళనే ర్యాలీకి రమ్మని పిలిచాం. వాళ్ళు వచ్చారు. అది వాళ్ళ పెద్దమనసు, మన గొప్పతనం కాదు.

అమెరికాలో జరిగిన ముచ్చట

ఇది మన ఒక్కరి రోగం కాదు. అంతకు ఏడాది ముందే అమెరికాలో ఇదే నాటకం పెద్ద తెర మీద నడిచింది. 2008లో బరాక్ ఒబామా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నారు. షికాగోలో ఆయన ఏండ్ల తరబడి పోతున్న చర్చి ట్రినిటీ యునైటెడ్ చర్చి ఆఫ్ క్రైస్ట్. అక్కడి పాస్టర్ జెరెమియా రైట్. ఆ పాస్టర్ ఎన్నడో చేసిన ప్రసంగాల్లో అమెరికాను శపించినట్టున్న ముక్కలు మార్చి నెలలో టీవీల్లో రాత్రింబవళ్ళు తిప్పారు. పాస్టర్ అన్నదానికి ఒబామా జవాబు చెప్పాలన్నారు. అదే సమయంలో ఇంకో పక్క, ఆయన అసలు క్రైస్తవుడే కాదు, లోపల ముస్లిం అని పుకారు. ఒకే మనిషి ఒకే వారంలో చర్చి ఎక్కువైనవాడూ అయ్యాడు, చర్చి లేనివాడూ అయ్యాడు. నింద వేసేవాడికి నిజంతో పని లేదు, మచ్చతోనే పని.

నల్లవాళ్ళకు వేరే చర్చి ఎందుకుందో ఆ టీవీలు చెప్పలేదు. తెల్లవాళ్ళ చర్చిలో పక్కన కూర్చోనియ్యలేదు కాబట్టి వాళ్ళు వేరే కట్టుకున్నారు. అక్కడ బానిసత్వపు గోస పాటైంది, ప్రసంగమైంది, కోపమూ అయింది. మార్చి 18న ఫిలడెల్ఫియాలో ఒబామా జాతి గురించి సుదీర్ఘంగా మాట్లాడారు. పాస్టర్ మాట తప్పన్నారు, కానీ ఆ మనిషిని ఒక్కసారిగా కాలదన్నలేదు. రైట్ మళ్ళీ మాట్లాడడంతో ఏప్రిల్ చివర్లో తెంచుకున్నారు. మే 31న ఆ చర్చి సభ్యత్వమే వదులుకున్నారు. ఎన్నిక గెలిచారు, గుడి పోగొట్టుకున్నారు.

ఇంతవరకు చూస్తే ఒబామా అన్యాయానికి గురైనవాడే. కానీ అదే ప్రచారంలో ఏప్రిల్ నెలలో ఇంకొకటి జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో డబ్బున్నవాళ్ళు కూర్చున్న విరాళాల సభలో ఆయన పెన్సిల్వేనియా చిన్న పట్టణాల జనం గురించి మాట్లాడుతూ, బతుకుదెరువు పోయిన కసిలో వాళ్ళు తుపాకులనూ మతాన్నీ పట్టుకుని వేలాడుతున్నారన్న అర్థం వచ్చే మాటన్నారు. ఆ పెన్సిల్వేనియా ఓటు ఇంకా పడాల్సి ఉంది. ఎవరి ఓటు అడుగుతున్నాడో వాళ్ళు లేని చోట వాళ్ళ గురించి అన్న మాట అది. మనం పట్టుకోవాల్సింది దీన్ని. ఆయన ఏ చర్చిలో కూర్చున్నాడన్నది ఆయన సొంత విషయం. ఎదురుగా ఒకటి, చాటుకు ఒకటి మాట్లాడడం మాత్రం ఓటరు విషయం.

శాన్‌ఫ్రాన్సిస్కో మాటకూ నంద్యాల మాటకూ ఒక తేడా కూడా చెప్పాలి. ఒబామా మాట బయటపడేనాటికి పెన్సిల్వేనియావాళ్ళ చేతిలో ఇంకా ఓటు ఉంది. వాళ్ళు అక్కడ ఆయన్ను ఓడించి హిల్లరీ క్లింటన్‌ను గెలిపించారు. మన చేతిలో ఆ రోజు ఓటు మిగల్లేదు. అందుకే మన గాయం లోతు.

జాతి అన్న మాట

ఇక జాతి సంగతి. అమెరికాలో జాతి అంటే ఒంటి రంగు. మన దగ్గర ఆ మాటను రెండు వైపుల నుంచీ వాడారు. సమైక్యవాదులు "తెలుగు జాతి" అన్నారు. జాతి ఒక్కటే కాబట్టి రాష్ట్రం ఒక్కటే ఉండాలన్నారు. 1956 పెద్దమనుషుల ఒప్పందం ఏమైందని అడిగితే జాతి, ముల్కీ రూల్స్ ఏమయ్యాయని అడిగితే జాతి, 1985లో వచ్చిన 610 జీవో ఎందుకు అమలు కాలేదని అడిగితే మళ్ళీ జాతి. లెక్కలడిగిన ప్రతిసారీ జాతి గీతం పాడారు. ఉద్యోగుల లెక్క, నీళ్ళ లెక్క, నిధుల లెక్క అడగడమే మన ఉద్యమం. లెక్క అడిగినన్ని రోజులు మనం గెలుస్తూ వచ్చాం.

మనలో కొందరు మాత్రం వాళ్ళ పాటకు వాళ్ళ రాగంలోనే జవాబిచ్చారు. వాళ్ళది ఒక జాతి, మనది ఒక జాతి, వాళ్ళ నెత్తురే అంత అన్నారు. అది లెక్క కాదు, తిట్టు. తిట్టుకు లెక్క పత్రం అక్కర్లేదు, అందుకే సులువు. అందుకే పనికిరాదు కూడా.

మన మెదక్ చరిత్రే దీనికి సాక్ష్యం. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి పార్లమెంటుకు పోటీ చేస్తే ఆమె ఏ రాష్ట్రమని మనవాళ్ళు అడగలేదు. లక్షల మెజారిటీతో గెలిపించారు. ఆమె రాయబరేలీ వదులుకుని మెదక్ ఉంచుకున్నారు. 1984లో హత్యకు గురయ్యేనాటికి మన ఎంపీయే. 1969లో మన పిల్లలు తుపాకీ గుండ్లకు బలైనప్పుడు రాష్ట్రం ఇవ్వనిదీ ఆమే, 1973లో ఆరు సూత్రాలు ఇచ్చి సరిపెట్టిందీ ఆమే. ఇందిరమ్మను తూచాలంటే ఆ నిర్ణయాలతో తూచాలి, పుట్టిన ఊరుతో కాదు. 2009లో విజయశాంతి చెన్నైలో పెరిగిన నటి అని ఎదుటివాళ్ళు ప్రచారం చేస్తే, ఊరు కాదు, నిలబడ్డ వైపు చూడండి అని మనమే అన్నాం. మనకు ఒక కొలత, ఎదుటివాడికి ఇంకో కొలతా? రాజశేఖరరెడ్డికీ అదే కొలబద్ద పెట్టాల్సింది. పెట్టి ఉంటే ఆయన ఇంకా గట్టిగా దొరికేవారు.

ఈ కొలబద్ద పాతబడలేదనడానికి దగ్గరి ఉదాహరణ ఉంది. 2021 జూలై 8న, తండ్రి జయంతి నాడు, వై.ఎస్. షర్మిల హైదరాబాద్‌లో తెలంగాణ పేరుతో పార్టీ పెట్టారు. తెలంగాణ కోడలినన్నారు. అక్టోబర్ 20న తండ్రి నడిచిన చేవెళ్ళ నుంచే పాదయాత్ర మొదలుపెట్టారు. ఆమె భర్త క్రైస్తవ బోధకుడు. మళ్ళీ అవే రెండు మాటలు లేచాయి: ఆంధ్రామె, చర్చి వాళ్ళు. ఒక్కసారి ఆ రెండూ పక్కనపెట్టి తేదీలు చూడండి. 2023 నవంబర్‌లో పోటీ చేయడం లేదని ప్రకటించి కాంగ్రెస్‌కు మద్దతిచ్చారు. 2024 జనవరిలో పార్టీని కాంగ్రెస్‌లో కలిపారు. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. ఆమె పార్టీని నమ్మి జెండా మోసిన తెలంగాణ కార్యకర్త అడగాల్సిన ప్రశ్నలన్నీ ఈ తేదీల్లోనే ఉన్నాయి. అడగడానికి ఆమె భర్త చేతిలోని బైబిలు అవసరం లేదు.

మన బెల్టులో మునిగిపోయే ప్రశ్నలు

పటాన్‌చెరు పారిశ్రామికవాడ వైపు ఒకసారి రండి. రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి. ఇక్కడ ఎన్నికలొస్తే ఏ బస్తీలో ఏ మతం ఓట్లెన్ని, ఏ కులం ఓట్లెన్ని, ఏ జిల్లా నుంచి వచ్చినవాళ్ళ ఓట్లెన్ని అన్న చిట్టా ముందు తయారవుతుంది. గుడికి చందా, మసీదుకు చందా, చర్చికి చందా. ఫాదర్ దగ్గరికి ఒక నాయకుడు, స్వామి దగ్గరికి ఇంకో నాయకుడు. ప్రార్థన మందిరానికి రేకులు వేయిస్తే ఓట్లన్నీ తన జేబులో పడ్డట్టే అనుకుంటారు.

ఆ చిట్టాలో నక్కవాగు ఉండదు. ఈ ఫ్యాక్టరీల రసాయనాలు మోసి మోసి ఆ వాగు ఏమైందో దాని ఒడ్డు ఊళ్ళకు తెలుసు. పటాన్‌చెరులోనే వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్ళు ఏండ్లకేండ్లు కొట్లాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్షించి లోకానికి చెప్పారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. రోగికి ఇచ్చే మందు వాగులో పారింది. ఆ నీళ్ళు తాగిన బర్రెను ఎవరూ మతం అడగలేదు.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. నలభై మందికి పైగా కార్మికులు బుగ్గయ్యారు. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన బిడ్డలు, మన తెలుగు బిడ్డలు అందులో ఉన్నారు. కొందరి శరీరాలను డీఎన్ఏ పరీక్షతో పోల్చుకోవాల్సి వచ్చింది. పోల్చుకోవడానికి కూడా మిగలనివాళ్ళు ఉన్నారు. జాతి, మతం, జిల్లా అని మనం గీసిన గీతలు ఆ మంటలో ఎక్కడ కనిపించాయి?

చర్చి గొణుగుడు ఎవరికి లాభమో ఇక్కడికి వస్తే తెలుస్తుంది. అభ్యర్థి మతం గురించి జనం కొట్లాడుకున్నంతసేపు, ఫ్యాక్టరీ తనిఖీ ఎందుకు జరగలేదని ఎవరూ అడగరు. భూమి ఇచ్చిన ఊళ్ళ పిల్లలకు పర్మినెంటు నౌకరీ ఎందుకు లేదు, కాంట్రాక్టు కూలే ఎందుకు మిగిలింది అని ఎవరూ అడగరు. ఆ మౌనం కంటే గొప్ప విరాళం ఏ యాజమాన్యం కోరుకుంటుంది?

నాయకుని కడుపులో ఏముందో ఎట్లా తెలుస్తది?

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ మిత్రులారా! నాయకుని మనసులోకి తొంగిచూసే అద్దం ఎవరి దగ్గరా లేదు. అందుకే ఆయన దేవున్ని పట్టుకుని మనసు చెప్పాలనుకుంటాం. అది సోది చెప్పడమే. మన చేతిలో ఉన్నవి మూడే మూడు. ఏ తేదీన అన్నాడు? ఎవరి ముందు అన్నాడు? ఆ మాటతో ఎవరికి ఏం వచ్చింది? ఈ మూడు రాసిపెట్టుకుంటే ఉద్దేశం దానంతట అదే బయటపడుతుంది. ఫిబ్రవరి 12, అసెంబ్లీ. ఏప్రిల్ 16, తెలంగాణ ఓటు. ఆ వెంటనే నంద్యాల. ఈ మూడు గీతలు కలిపితే రాజశేఖరరెడ్డి ఉద్దేశం చదువురానివాడికి కూడా అర్థమవుతుంది. మధ్యలో శిలువ బొమ్మ గీయాల్సిన పని లేదు.

1960లో కెనడీని కేథలిక్ అని అనుమానించినప్పుడు ఆయన హ్యూస్టన్‌లో పాస్టర్ల సభకే పోయి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 2008లో ఒబామా ఫిలడెల్ఫియాలో చెప్పుకోవాల్సి వచ్చింది. మతం మీద సంజాయిషీ అడిగే దేశంలో అసలు సంజాయిషీలు మిగిలిపోతాయి. నంద్యాల మాటకు రాజశేఖరరెడ్డి నుంచి మనకు సంజాయిషీ రాలేదు. గట్టిగా, ఒక్క గొంతుతో అడగాల్సినవాళ్ళం మనమే సగం మందిమి ఆయన చర్చి గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నాం.

నంద్యాలలో పుట్టించిన ఆ భయం ఏమైందో కూడా చూశాం. రాష్ట్రం వచ్చింది. వీసా రాలేదు, పాస్‌పోర్టూ రాలేదు. పటాన్‌చెరు చౌరస్తాలో సంక్రాంతికి ఊరెళ్ళే కుటుంబాలు సంచులతో నిలబడి బస్సెక్కుతూనే ఉన్నాయి, పండుగ అయ్యాక తిరిగి వస్తూనే ఉన్నాయి. భెల్, అమీన్‌పూర్ కాలనీల్లో ఆంధ్ర కుటుంబాలు మన పక్కింట్లోనే ఉన్నాయి. భయం పెట్టినవాడిది అబద్ధమని తేల్చింది మన తిట్టు కాదు, మన నడవడి.

మెదక్ చర్చి గంట, ఏడుపాయల జాతర డప్పు, సంగారెడ్డి మసీదు అజాన్ మన చెవులకు కొత్త కాదు, పరాయి కాదు. రేపు మళ్ళీ ఎన్నికలొస్తాయి. మళ్ళీ ఎవరో మన చెవి దగ్గరికి వచ్చి ఫలానాయన ఫలానా మతం అని గొణుగుతారు. ఆ చెవి అటే ఉంచి ఒక్క మాట అడుగుదాం: "అది సరే గాని, ఆయన మనూళ్ళో ఏమన్నడు, పక్కూళ్ళో ఏమన్నడు?"

ఏరు దాటకముందే అడగాలి.